వెనక శబ్దం

జనవరి 19, ఆదివారం

కుప్పం నుంచి పవన్ కుమార్ అనే కుర్రవాడు వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. ఈ మధ్య నాకు అందరూ కుర్రవాళ్ళుగానే కనిపిస్తున్నారు. మోటార్‌సైకిళ్ళ క్లబ్బు నడుపుతాడట. కుప్పం అవతల కొత్తగా వేసిన రోడ్డు మీద ఇంకా రాకపోకలు మొదలుకాలేదు. వచ్చే నెల రెండో ఆదివారం అక్కడ పందేలు పెట్టుకోవడానికి అనుమతి తెచ్చుకున్నాడు. రోజంతా కొత్త బండ్లు. మధ్యలో ఒక్క పందెం మాత్రం అరవై దాటినవాళ్ళకు, పాత టూ స్ట్రోక్ బండ్లకు.

“మీ యెజ్డీ బండి ఇంకా ఉండాదంట కదా సార్. మీరు రావల్ల.”

“ముసలోళ్ళు యాడ పడతారా అని సూసేదానికా?”

“అట్లా కాదు సార్,” అని ఫోన్‌లో పేర్లు చూపించాడు. మూడో పేరు మునెప్ప, పుంగనూరు. “ఈయనే మీ అడ్రస్ చెప్పింది. మదనపల్లెలో చెంగల్రాయుడని ఒగాయప్ప ఉండాడు, ఆయప్ప రాకుంటే నేనెవరితో తోలేది అన్నాడు సార్.”

ఆ మాటలోని పొగరు ఈ కుర్రవాడికి తెలియదు. నాకు తెలుసు. పేరు రాసుకోమన్నాను. మునెప్ప ఉన్నాడని కాదు. బండి షెడ్డులో ఊరికే పడి ఉంది. దానికీ గాలి తగలాలి.

జనవరి 20

సుశీలకు చెప్పాను.

“పొద్దున మంచం దిగేటప్పుడు గోడ పట్టుకుంటారు. పందెంలో గోడ యాడ తెస్తారు?”

“పట్టుకునేదానికి బండి ఉండాది కదా.”

“మునెప్పన్న వస్తాండాడా?”

“వస్తే నాకేంది?”

“నాకేంది అన్నారంటే వస్తాండాడనే.”

వాడికీ నాకూ మాటలు పోయి ముప్పై ఏడేళ్ళయింది. ఆమె నోటికి వాడు ఇంకా అన్నే. పెళ్ళయిన కొత్తలో వాడూ వాడి భార్య జయమ్మా వారానికోసారి వచ్చి మా ఇంట్లో రాగిసంగటి తినిపోయేవాళ్ళు. తిన్న సంగటికి విశ్వాసం వాడు చూపలేదు, ఈమె చూపుతోంది.

జనవరి 23

బండికున్న అద్దాలు పీకేశాను. పట్టీ బిగుసుకుపోయి స్పానర్ జారి వేలు చీరుకుంది.

మా రోజుల్లో హార్స్లీ హిల్స్ ఘాట్ ఎక్కేవాళ్ళెవరికీ అద్దాలుండేవి కావు. వెనకవాడి బండి శబ్దమే మాకు అద్దం. మాలో ఒకడు మలుపులో కిందికి జారి, ఎవరూ చూసుకోక, మధ్యాహ్నం దాకా రాళ్ళ మధ్య పడి ఉన్నాడు. అప్పటినుంచి ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. జతగా పోయేటప్పుడు వెనక శబ్దం ఆగితే ముందున్నవాడు తిరగాలి. ఎందుకు ఆగిందని ఆలోచించకూడదు. పందెమైనా సరే, తిరగాలి.

1988లో ఏం జరిగిందో ఎన్నిసార్లు రాశానో. మళ్ళీ రాస్తాను, ఇది నా పుస్తకం. ఆ ఏడు కొండ ఎక్కే పందెంలో చివరి జత నేనూ మునెప్పా. ముందు పైకి చేరినవాడికి కప్పు. సగం దాటేసరికి నేను బాగా ముందున్నాను. వెనక శబ్దం ఆగింది. నేను తిరిగాను. రెండు మలుపులు దిగానో లేదో, మునెప్ప ఎదురుగా పైకి వస్తున్నాడు. ప్లగ్గు మసిపట్టి ఆగిందట, తుడుచుకున్నాడు. నన్ను దాటి పోయాడు. పోతూ ఎడమ చెయ్యి ఎత్తి ఊపాడు కూడా.

నేను పైకి పోలేదు. అక్కడినుంచే దిగి ఇంటికి వచ్చేశాను. కప్పు వాడికి ఇచ్చారని సాయంత్రం తెలిసింది.

రెండు రోజులకు నా స్పేర్ పార్ట్స్ అంగడికి వచ్చాడు. ఏదో చెప్పబోయాడు. అంగడి నిండా జనం. ‘దొంగ’ అన్నాను. నిలబడి నా మొహం చూసి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. తప్పు చేయనివాడైతే మళ్ళీ ఎందుకు రాడు?

జనవరి 28

రిటైరైన హెడ్మాస్టరు ఎదురింటి అరుగు మీద నుంచి, “ఈ వయసులో శాంతిగా ఉండాలండీ” అన్నాడు. ఇరవై ఏళ్ళ కిందట నా దగ్గర తీసుకుపోయిన పుస్తకాలు తిరిగి ఇచ్చి ఉంటే నాకు మరికాస్త శాంతి ఉండేదని చెప్పాను. లోపలికి పోయాడు.

నా అలమరల్లో మూడు భాషల పుస్తకాలున్నాయి. పగ గురించి రాసినవాళ్ళంతా చివరి పేజీల్లో క్షమించమనే చెబుతారు. వాళ్ళలో ఒక్కడూ కొండ సగంలో నిలబడి, తన కప్పు తనను దాటి పైకి పోతుంటే చూసినవాడు కాదు.

ఫిబ్రవరి 1

అంగళ్ళు అనే ఊరి దాకా తోలుకుని వచ్చాను. బండి బాగుంది. తోలేవాడే సగం. దారిలో క్లచ్ చెయ్యి తిమ్మిరెక్కి, గేరు మార్చడానికి వేళ్ళను ఒక్కొక్కటిగా బతిమాలవలసి వచ్చింది. టమాటా మార్కెట్ దగ్గర లారీల మధ్య ఇంజన్ ఆగింది. వెనక హారన్లు. ఒక డ్రైవరు తల బయటపెట్టి, “తాతా, మ్యూజియం ఆపక్కన” అన్నాడు.

పందెం అయ్యాక వాడు పేపరు చూస్తే బాగుండు.

ఫిబ్రవరి 5

మునెప్ప తన బండికి కొత్త పిస్టన్ వేయించాడని సుశీల చెప్పింది. నీకెలా తెలుసంటే, ఎవరో అన్నారంది.

కొత్త పిస్టన్‌తో పందెమా! అది సిలిండర్‌లో కుదురుకునే దాకా ఎన్ని రోజులు మెల్లగా తోలాలో పుంగనూరు పక్కన సదుం పొలాల్లో వేరుశనగ వేసుకునేవాడికి ఏం తెలుసు. తొందరపడితే వేడికి ఉబ్బి పట్టేస్తుంది, ఇంజన్ ఒక్కసారిగా ఆగిపోతుంది. ముప్పై ఏళ్ళు అంగడిలో కూర్చుని, పిస్టన్ కొన్న ప్రతివాడికీ ఇదే మాట చెప్పి పంపాను. కొనకపోయినా చెప్పాను.

వీడికి నేను చెప్పను. వీడు నా అంగడిలో కొనలేదు.

ఫిబ్రవరి 8, కుప్పం, లాడ్జి

బండిని టమాటా వ్యాన్‌లో ఎక్కించి తెచ్చాను. ట్యాంకు నుంచి సీటు దాకా టమాటా వాసన. పుంగనూరు మీదుగానే రావాలి, వేరే దారి లేదు. మునెప్ప ఇంటి వైపు చూడలేదు. గేటుకు నీలం రంగు వేశారు. వరండాలో కొత్త ఊయల.

బైరెడ్డిపల్లె దాటాక టీ తాగాం. డ్రైవరు, “గెలిస్తే ఏమిస్తారు సార్?” అన్నాడు. కప్పు అన్నాను. “అంతేనా?” అన్నాడు. అంతే అన్నాను.

ఫిబ్రవరి 9

గెలిచాను.

ఫిబ్రవరి 10

నిన్న రాయడానికి ఓపిక లేకపోయింది. ఈ రోజు వరసగా రాస్తాను.

షామియానా, ఇడ్లీ, అంబులెన్సు, మైకు. మైకులో తెలుగూ తమిళమూ కన్నడమూ ఒకే వాక్యంలో. రోడ్డు కొత్త తారుతో నల్లగా మెరుస్తోంది. ఒక వైపు రోడ్డు మీద పోయి, వంతెన దగ్గర మలుపు తిరిగి, రెండో వైపు రోడ్డు మీద వెనక్కి రావాలి. అది ఒక చుట్టు. అలాంటివి ఐదు. అక్కడక్కడా జెండాలతో మనుషులు. పొద్దున పవన్ కుమార్ అందరినీ నిలబెట్టి చెప్పాడు: “ఎవురైనా పడితే మావాళ్ళు చూసుకుంటారు. తోలేటోళ్ళు మాత్రం ఆగకూడదు. వెనక్కి తిరగనే కూడదు, ఎదురుగా వచ్చేటోళ్ళకి ప్రమాదం.” ఇది నియమం. అందరూ విన్నారు. మునెప్ప కూడా విన్నాడు.

మా పందేనికి ఆరుగురం. మునెప్ప తన బండి నా పక్కనే నిలిపాడు. మనిషి ఎండిపోయాడు. పాత తోలు కోటు వేసుకున్నాడు, అది వాడి ఒంటి మీద కొక్కేనికి తగిలించినట్టుంది. జయమ్మ షామియానా కింద కూర్చుని ఉంది.

“ఏం రాయుడూ, మోకాళ్ళు వంగతాయా?”

నేను హెల్మెట్ పట్టీ బిగించుకున్నాను.

“పలకవా? సరేలే. వెనక శబ్దం మాత్రం వింటాండు.”

ఎంత ధైర్యం చూడు. ఏ మాటతో నన్ను కొండ సగంలో ముంచాడో అదే మాట. జెండా దిగేసరికి నాకు కోపంతో చెవులు వేడెక్కి ఉన్నాయి.

మొదటి చుట్టులో నేను మూడో స్థానం. రెండో చుట్టులో వంతెన మలుపు దగ్గర పలమనేరు ఆయన బయటివైపుకు కొట్టుకుపోయాడు, లోపలి నుంచి దూరాను. మూడో చుట్టులో మొదటివాణ్ణీ దాటేశాక ముందు ఎవరూ లేరు. వెనక ఒక్క శబ్దమే. మునెప్ప బండి. మూడో గేరులో దానికి చిన్న జీర ఉంటుంది, దగ్గే మనిషిలా. ముప్పై ఏడేళ్ళలో జీర పోలేదు.

నాలుగో చుట్టు గురించి రాయడానికేమీ లేదు.

ఐదో చుట్టులో వాడు వెనకబడ్డాడు. నేను గీత దాటాను. దాటాక తెలిసింది, మునెప్ప పడ్డాడని. నేను చూడలేదు. అంబులెన్సు అవతలి రోడ్డు మీద పోయింది. కప్పు ఇచ్చారు. ఫోటో తీశారు.

ఇదీ జరిగింది.

ఫిబ్రవరి 11

పేపర్లో లోపలి పేజీలో వేశారు. ‘అరవై ఎనిమిదేళ్ళ యువకుడు’ అట. ఈ మాట కనిపెట్టినవాణ్ణి నా అంగడి బల్ల వెనక ఒక వేసవి కూర్చోబెట్టాలి. పేరు చెంగల్రాజు అని వేశారు.

హెడ్మాస్టరు వచ్చి చెయ్యి కలిపాడు. పుస్తకాల సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మునెప్పకు తుంటి ఎముక విరిగిందట. ఆపరేషన్ చేశారట. సుశీల చెప్పింది. ఎవరు చెప్పారో అడగలేదు.

నియమం నియమమే. వెనక్కి తిరిగి ఉంటే నన్ను పందెంలోంచి తీసేసేవాళ్ళు. ఇంకొకణ్ణి గుద్ది ఉండేవాణ్ణి కూడా.

ఫిబ్రవరి 13

నాలుగో చుట్టు.

నాలుగో చుట్టులో సంతోషంగా ఉంది. ఇది రాయకూడదనుకున్నాను. తారు మీద ఎండ. ముందు ఖాళీ రోడ్డు. వెనక వాడి బండి జీర, నేను ఎక్కడ గేరు దించుతానో అక్కడే వాడూ దించుతున్నాడు. చెయ్యి తిమ్మిరి లేదు. మోకాళ్ళు గుర్తు లేవు. వంతెన దగ్గర మలుపులో నేను ఒంగితే వాడి నీడ నా నీడ మీద పడింది. వాడు ఇంకా దగ్గరగా రావాలనిపించింది. దాటాలని కాదు. పక్కన ఉండాలని.

ఆ సంతోషంలో ఉండగానే, ఐదో చుట్టు మొదట్లో, శబ్దం ఆగింది.

అవును, విన్నాను. పదో తారీఖున ‘వెనకబడ్డాడు’ అని రాశాను. వెనకబడలేదు. ఆగింది.

మళ్ళీ అదే ఆట అనుకున్నాను. నేను తిరిగితే వాడు పకపక నవ్వుతూ దాటిపోతాడనుకున్నాను. ఎవరైనా అలాగే అనుకుంటారు. ఒకసారి మోసపోయినవాడు రెండోసారీ మోసపోతే వాణ్ణి మంచివాడనరు, వెర్రివాడంటారు. యాక్సిలరేటర్ ఇంకా తిప్పాను.

ఫిబ్రవరి 14

ప్లగ్గుకు మసి పడితే ఇంజన్ ముందు తడబడుతుంది. దగ్గి, ఎగిరి, అప్పుడు ఆగుతుంది. అంగడిలో కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి, బయట ఆగిన బండికి ఏం జబ్బో.

ఆదివారం నాటి శబ్దం తడబడలేదు. కోసినట్టు ఆగింది. ఆగాక టైరు అరిచింది. టైరు ఎందుకు అరుస్తుంది? ఇంజన్ పట్టేసి వెనక చక్రం తిరగకపోతే అరుస్తుంది. టైరు తర్వాత రేకు రోడ్డుకు రాసుకున్న చప్పుడు.

ఇవన్నీ విన్నాను.

ఫిబ్రవరి 15

కొత్త పిస్టన్ సంగతి నాకు తెలుసు.

ఫిబ్రవరి 17

పవన్ కుమార్ సర్టిఫికెట్ తెచ్చాడు. చట్రం కట్టించి మరీ తెచ్చాడు. కూర్చోమన్నాను. సుశీల కాఫీ ఇచ్చి తలుపు దగ్గర నిలబడింది.

“మునెప్పన్నను చూసొస్తి సార్. ఇంటికి పంపించేసినారు. మీరు పోయింటిరా?”

“లేదు.”

“ఆ పొద్దు ఆయన మమ్మల్ని ఎంత సతాయించినాడో తెలుసునా సార్?” నవ్వుతూనే చెప్పాడు, తమాషా కథ చెబుతున్నట్టు. “రోడ్డు పక్కన మట్టిలో పడుండాడు. కదిలేదానికి లేదు. మావాళ్ళు స్ట్రెచర్ తెస్తే ఎక్కనన్నాడు. ఉండండప్పా, రాయుడు వస్తాడు, ఆయప్ప వచ్చినాక పోదాం అంటాడు. ఆ సార్ పందెంలో ఉండారు, వెనక్కి రాకూడదు అని చెప్పినారు మావాళ్ళు. అది మీ రూలు, మాది వేరే ఉండాది, గమ్మునుండండి అంటాడు. నొప్పికి కండ్లల్లో నీళ్ళు కారతాండాయి, అయినా చెయ్యి ఎత్తి, అరవద్దండి, వినల్ల అంటాడు సార్.”

“ఏం వినల్లనంట?” సుశీల అడిగింది.

“ఈ సార్ బండి శబ్దమంటమ్మా. అది తిరుగుతాది చూడండి, ఇప్పుడు తిరుగుతాది అన్నాడు. శబ్దం వంతెన దగ్గరికి పోయె, ఇంకా అట్లే పోయె. అది వినపడకుండా పోయినాక ఆయనే, సరే ఎక్కించండప్పా అనె.”

కాఫీ గ్లాసు కింద పెట్టి, మళ్ళీ ఏడాది కూడా పెడతాం, మీరే మొదటి పేరు అన్నాడు. సరే అన్నాను.

అతను వెళ్ళాక సుశీల గ్లాసులు తీసుకుంది. నన్ను ఒక్క మాటా అనలేదు. నలభై మూడేళ్ళ కాపురంలో ఆమె నన్ను ఇంత గట్టిగా తిట్టిన రోజు లేదు.

ఫిబ్రవరి 18

చదవడానికి కూర్చున్నాను. ఒకే పేజీ.

ఫిబ్రవరి 19

అదే పేజీ.

ఫిబ్రవరి 22

సంగటి ముద్ద ముట్టకుండా లేచాను.

“యాల తినరు?”

“ఆకలి లేదు.”

“ఆకలి లేనోళ్ళు గోడ తట్టు చూడరు. పుంగనూరు పోయి రాండి.”

“నా మొహం చూస్తే వాడికి నొప్పి ఎక్కువయితాది.”

“జయక్క అట్లా అనలేదే.”

అప్పుడు బయటపడింది. ఈ ఇద్దరు ఆడవాళ్ళూ ఏళ్ళ తరబడి ఫోన్‌లో మాట్లాడుకుంటున్నారు. అంతకు ముందు సంతకు వచ్చేవాళ్ళతో కబురు పంపుకునేవారట. మా అమ్మాయి నవనీత పెళ్ళికి జయమ్మ చీర పంపిందట. ఆ చీర నాకు గుర్తుంది. ఎవరిచ్చారంటే, మా మేనత్త ఇచ్చిందని అప్పుడు సుశీల చెప్పింది.

“నాకు చెప్పకుండానా?”

“చెప్పింటే మాన్పిస్తా ఉంటిరి.”

నిజమే. మాన్పించి ఉండేవాణ్ణి.

“ఏం మొహం పెట్టుకుని పోవల్ల సుశీలా?”

“మీకుండేది ఒగటే కదా. అదే పెట్టుకుని పోండి.”

ఫిబ్రవరి 27

పోదామని బండి తీశాను. పెట్రోల్ బంకు దాకా పోయి తిరిగి వచ్చాను. ఇలాంటి చోట్ల తిరగడం మాత్రం నాకు బాగా వచ్చు.

మార్చి 2, ఆదివారం

పోయి వచ్చాను.

నీలం గేటు. ఇల్లు మదనపల్లె రోడ్డు మీదే ఉంది, ఊరు మొదట్లో. జయమ్మ వరండాలోకి వచ్చింది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. “రాప్పా,” అంది, నిన్ననే వచ్చి పోయినవాణ్ణి పిలిచినట్టు. “నీ బండి శబ్దం విని చెప్పేసినాడు లోపల. రాయుడు గేరు తప్పు దించినాడు అని.”

నిజమే, మలుపులో తప్పు దించాను.

మునెప్ప కిటికీ పక్కన మంచం మీద ఉన్నాడు. కాళ్ళ మధ్య దిండు. గడ్డం పెరిగింది. గూట్లో కప్పు ఉంది, 1988ది. చూడగానే గుర్తుపట్టాను, నేనెన్నడూ దగ్గరగా చూడకపోయినా. దాన్నిండా బట్టల క్లిప్పులు.

“కూసో. బండి మీదనే వస్తివా?”

“మరి?”

“మేలు. గెలిచినోడు బస్సులో రాకూడదు.”

ఎత్తిపొడుపు కాదు. నాలుగైదు రకాలుగా తిప్పి చూశాను, ఎక్కడా ముల్లు లేదు. ఉంటే నాకు సులువుగా ఉండేది.

జయమ్మ మజ్జిగ ఇచ్చి వంటింట్లోకి పోయింది.

“తప్పు నాదేలే రాయుడూ,” అన్నాడు. “కొత్త పిస్టన్. ఇంకా కుదురుకోలేదు. నువ్వు ముందర పోతాంటే మనసు ఆగక తిప్పేస్తి. పట్టేసె.”

“నాకు తెలుసు.”

“పట్టేసిందనా?”

“కొత్తది వేసినావని. ముందే తెలుసు. సుశీల చెప్పింది.”

వాడు నా వైపు చూశాడు. తర్వాత పైకప్పు వైపు చూశాడు.

“చెప్పింటే నేను వింటా ఉంటినా?”

“విననంటావు.”

“వినను,” అన్నాడు. దుప్పటి పైకి లాక్కుని, “అయినా చెప్పిండల్ల నువ్వు” అన్నాడు.

మజ్జిగ గ్లాసు చేతిలోనే ఉంది. తాగలేదు. టైరు అరిచింది విన్నానని కూడా చెప్పాను. తల ఊపాడు. నీ చెవులు నాకు తెలియవా అన్నట్టు.

చివరికి అడిగాను. ఇన్నేళ్ళు ఎవరినీ అడగని మాట. “కొండ మీద ఆ పొద్దు నన్ను దాటిపోతా చెయ్యి ఎందుకు ఊపితివి?”

“యాల ఊపేది? నువ్వు పైకి పోయి, గెలిచి, నన్ను చూసేదానికి దిగి వస్తాండావనుకుంటి. ప్లగ్గు కాలిపోతాండె, అది చల్లారి చేతికొచ్చేదానికి ఎంతసేపాయెనో నాకు తెలీదు. గెలిచినోడికి చెయ్యెత్తకుండా పోతారా?” ఊపిరి తీసుకున్నాడు. తుంటి నొప్పి కాబోలు, కళ్ళు మూసుకుని తెరిచాడు. “పైకి పోతే నా చేతిలో కప్పు పెట్టిరి. ఇదేందప్పా, రాయుడు వచ్చి పోయినాడు కదా అంటే, ఎవురూ రాలేదనిరి. అప్పుడు తెలిసె, నువ్వు నాకోసరం తిరిగినావని. అది చెప్పేదానికే నీ అంగడికి వస్తి. నోరు తెరవనిస్తివా నువ్వు?”

“మళ్ళా రావచ్చు కదా.”

“దొంగ అనినోడి అంగడికి మళ్ళా యాల వస్తాను? నాకూ ఉండాది కదా పొగరు.”

దీన్ని నమ్మాలా? వాడు ఇన్నేళ్ళలో అల్లుకున్న కథ కావచ్చు. మనుషులు తమకు అనుకూలంగా గుర్తుపెట్టుకుంటారు, అది నాకన్నా ఎవరికి తెలుసు. ఇంటికి వచ్చాక జనవరి 23న రాసింది మళ్ళీ చదివాను. ఎడమ చెయ్యి ఎత్తి ఊపాడని నేనే రాశాను. దొంగ ఎవడూ తను దోచుకున్నవాడికి చెయ్యి ఊపడు. ఇంత చిన్న సంగతి ఆలోచించడానికి ముప్పై ఏడేళ్ళు ఖాళీ దొరకలేదు నాకు.

ఇక బండి ఎక్కే పని లేదన్నారట డాక్టర్లు. చేతికర్ర సాయంతో నడిస్తే అదే ఎక్కువట. బండి ఏం చేస్తావని అడగలేదు. షెడ్డులో పరదా కప్పి ఉండటం వచ్చేటప్పుడే చూశాను.

లేచాను. వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. తిమ్మిరి చెయ్యి.

“మెల్లగా పో రాయుడూ. కొంచేపు వింటా.”

మెల్లగానే పోయాను. ఒకటో గేరు, రెండు, మూడు. ఈసారి తప్పు దించలేదు. వింటున్నాడని తెలుసు కాబట్టి ఎక్కడ ఎలా దించాలో అలాగే దించాను. ఊరు దాటే మలుపు దగ్గరకు వచ్చేసరికి కంట్లో ఏదో పడింది. రోడ్డు పనులు జరుగుతున్నాయి, దుమ్ము. ముందు కనబడలేదు. పక్కకు తీసి, ఇంజన్ ఆపి, కండువాతో తుడుచుకున్నాను. తుడిస్తే పోయే దుమ్ము కాదు, కాస్త ఎక్కువ సేపే పట్టింది.

జేబులో ఫోన్ మోగింది. కొత్త నంబరు. జయమ్మ.

“అప్పా, ఏమాయె? పడినావా?”

“లేదమ్మా. ఊరికే ఆపితి.”

“శబ్దం ఆగిపోయిందని ఈయన మంచం దిగతాండాడు. కాలు కింద పెట్టేసినాడు, నేను పట్టుకుంటే నిలవడంల్యా. రాయుడు పడినాడు, పోవల్ల అంటాడు. బిన్నే రాప్పా, ఆలస్యం చేయొద్దు.”

ఫోన్‌లో వెనకనుంచి వాడి గొంతు వినబడింది. కర్ర యాడ పెట్టినావే అని అరుస్తున్నాడు.

కిక్కు కొట్టాను. మొదటి కిక్కుకు అందుకోలేదు. రెండో దానికి అందుకుంది. బండి తిప్పాను.

రోడ్డంతా ఖాళీగా ఉంది. నీలం గేటు దాకా నాకెవరూ ఎదురు రాలేదు.